వేలిముద్రయు వ్యక్తి గౌరవమును

నిరుడు నా తరగతిలో చేరిన పండ్రెండేండ్ల బాలుడొకడు చిరునామా వ్రాయవలసినచోట "బాపట్ల" అని వ్రాసి యిచ్చెను. తండ్రి తెచ్చిన కాగితములలో ఊరి పేరు స్టువర్టుపురమని యున్నది. నేను దానిని దిద్దబోవుచుండగా వాడు నా బల్లయొద్దకు వచ్చి, తోడివారికి వినబడనంత మెల్లగా, "ఆ పేరు రాయొద్దండీ మాస్టారూ. క్లాసులో ఏదన్నా పోతే ముందు నన్నే అడుగుతారు" అనెను. నేను కలము దించితిని. ఏమి చెప్పుటకును నాకు తోచలేదు.

ఆ రాత్రి మా యింట అంతర్జాల మోసములను గూర్చి మాట వచ్చినది. ఫోనులో కనబడిన ప్రతి యనుమతికిని చదువకయే సమ్మతి నొక్కు మా బావమఱది నవ్వుచు, "మనమేమన్నా దొంగలమా బావా? దాచుకోవటానికి మన దగ్గరేముంది?" అనెను. ఈ మాట చదువుకొన్న కుటుంబములలో తఱచుగ వినబడునదే. తప్పు చేయనివానికి దాపఱికమెందులకని మనవారి వాదము. పగలు వినిన బాలుని మాటయు, రాత్రి వినిన బావమఱది మాటయు ఒకదాని ప్రక్క నొకటి పెట్టి చూచినప్పుడు, ఈ వాదమునకు సమాధానము మన జిల్లా చరిత్రలోనే యున్నదని నాకు తోచినది. దానిని చదువరుల యెదుట నుంచుటయే యీ వ్యాసము యొక్క యుద్దేశము.

వేలిముద్ర మన పల్లెలకు క్రొత్తది కాదు. పత్తికో మిరపకో పెట్టుబడి తెచ్చుకొన్న రైతు ప్రామిసరీ నోటుపై నిశాని వేయుట తాతల నాటినుండి యున్నదే. చదువు రానివానికి అది సంతకము. కాని దానిని ప్రభుత్వ సాధనముగ మలచిన కథ వంగదేశమున మొదలైనది. 1858లో జంగీపూరునందు అధికారిగా నున్న విలియం హర్షెల్ దొర, రోడ్డు సామగ్రి సరఫరాకు ఒప్పుకొన్న రాజ్యధర్ కొనాయి యను గుత్తేదారుచేత ఒడంబడిక కాగితముపై అఱచేతి ముద్ర వేయించెను. ఆ సంతకము తనది కాదని వాడు రేపు బొంకకుండ భయపెట్టుటయే అందలి యుద్దేశము. 1877లో ఆ దొరయే హుగ్లీలో మేజిస్ట్రేటుగా నుండి, పింఛను పుచ్చుకొనువారికిని, దస్తావేజులు వ్రాయించువారికిని, కారాగారమునందలి ఖైదీలకును ఈ పద్ధతిని వర్తింపజేసెను. చదువరులు ఇచ్చట నొక సంగతి గమనింపవలెను. గుత్తేదారునికొఱకు పుట్టిన ముద్ర ఇరువదేండ్లలోపలనే పింఛనుదారునికిని, పిదప ఖైదీకిని ప్రాకినది. ఒక పనికొఱకు సేకరించినది మఱియొక పనికి వాడబడుట ఈ కథలో ఆదినుండియు గలదు.

1897లో కలకత్తాలో వేలిముద్రల కార్యాలయము స్థాపింపబడెను. ప్రపంచమునందు ఇట్టివానిలో నిదియే మొదటిది. వేలకొలది ముద్రలనుండి కావలసినదానిని క్షణములో వెదకి తీయుటకు అనువైన వర్గీకరణమును సమకూర్చుటలో అజీజుల్ హక్, హేమచంద్ర బోసు అను మన దేశీయు లిరువురు ముఖ్యులు. పద్ధతికి మాత్రము వారి పై యధికారి యైన ఎడ్వర్డు హెన్రీ పేరే నిలిచెను. 1901లో లండను పోలీసు వారును ఈ పద్ధతిని స్వీకరించిరి. వర్గీకరణము చిన్న సంగతి వలె తోచును గాని బలమంతయు దానియందే యున్నది. కట్టలు కట్టి అటకపై పడవేసిన కాగితములవలన ఎవనికిని భయము లేదు; కోరిన నిమిషమున చేతికి దొరకు కాగితమే మనుష్యుని పట్టుకొనగలదు.

ఈ సాధనము సిద్ధమైన కొలదికాలమునకే దానికి తగిన శాసనమును వచ్చెను. నేరజాతుల చట్టము మొదట 1871లో ఉత్తర హిందూస్థానమునకు చేయబడినది. 1911లో దానిని తిరుగ వ్రాసి దేశమంతటికిని విస్తరింపజేయగా అది మద్రాసు రాజధానిలోనికి ప్రవేశించెను. దానివలన చిక్కులలో బడినవారిలో మన ఎఱుకలవారు ముఖ్యులు. అంతకు పూర్వము వీరిలో పెక్కుమంది పశువులపై ఉప్పును ధాన్యమును వేసికొని, సముద్రతీరమునుండి మెట్టసీమలకును, అచ్చటినుండి తీరమునకును వర్తకము సాగించుచు జీవించినవారు. పంతొమ్మిదవ శతాబ్ది ఉత్తరార్ధమున రైళ్లును, ఉప్పుపై సర్కారు గుత్తాధికారమును కలిసి ఆ వర్తకమును మూలమట్టముగ చెఱచినవి. ఒకచోట నిలువక తిరుగువాడు బ్రతుకు దెరువు పోగొట్టుకొన్నప్పుడు, పాలకుల కంటికి అతడు వర్తకుడుగా గాక అనుమానితుడుగా కనబడెను.

1911 నాటి శాసనములోని విధానము తెలిసికొనదగినది. ఒక తెగను నేరజాతియని ప్రభుత్వము ప్రకటించుటయే చాలును. ఆ ప్రకటనను ప్రశ్నించుటకు న్యాయస్థానమునకు అధికారము లేదు. పిదప ఆ తెగవారి పేర్లు రిజిస్టరులో ఎక్కింపబడును. పేరెక్కినవాని వేలిముద్రలను ఎప్పుడైనను తీసికొనవచ్చును. అతడు నియమిత కాలములందు అధికారి యెదుట కనబడవలెను, నివాసము మార్చినచో తెలుపవలెను. కావలెనన్న వారిని కుటుంబములతో గూడ ఒక సెటిల్‌మెంటులో నుంచవచ్చును. పిల్లలను తల్లిదండ్రులనుండి వేఱుచేసి పాఠశాలలందు పెట్టవచ్చును. ఇందులో ఎక్కడను "ఈ మనుష్యుడు ఏమి చేసెను?" అను ప్రశ్న లేదు. "ఇతడు ఎవరికి పుట్టెను?" అను ప్రశ్నయే యున్నది.

ఈ శాసనము ననుసరించి 1913 ప్రాంతమున బాపట్లకును చీరాలకును నడుమ ఒక వలస యేర్పడినది. మద్రాసు ప్రభుత్వమున ఉన్నతాధికారిగా నుండిన సర్ హెరాల్డు స్టువర్టు పేరు దానికి పెట్టబడెను. నిర్వహణము సాల్వేషన్ ఆర్మీ యను క్రైస్తవ సంఘమునకు అప్పగింపబడెను. అచ్చట చదువు చెప్పిరి, వైద్యము చేసిరి, వ్యవసాయము నేర్పిరి. ఇది దాచవలసిన సత్యము కాదు. చీరాల పొగాకు కంపెనీకి అచ్చటినుండి కూలివాండ్రను పంపిరి. కాని ఆ చదువునకును, వైద్యమునకును, కూలికిని చుట్టు కంచెగా హాజరుపట్టీ నిలిచెను. పిలిచినప్పుడు పలుకనివాడు, అనుమతి లేక ఎల్ల దాటినవాడు, మఱి యే తప్పును చేయకున్నను శిక్షార్హుడే. తమపై ఒక్క నేరమైనను ఋజువు కాని స్త్రీలును, నిన్న పుట్టిన బిడ్డలును ఆ ఎల్లలలోనే యుండిరి.

మా బావమఱది ప్రశ్నకు ఇదియే నా సమాధానము. దాచుకొనుటకు ఏమియు లేని మనుష్యులు ఎవరని వెదకితిమేని, స్టువర్టుపురము సెటిల్‌మెంటునందలివారే మొదట కనబడుదురు. వారి పేరు, తండ్రి పేరు, పది వ్రేళ్ల గీతలు, నిన్న రాత్రి ఎచ్చట నిద్రించినది, నేడు ఎచ్చటికి పోవునది — సమస్తమును పుస్తకములో నున్నది. దాపఱికము లేకపోవుటవలన వారి నిర్దోషిత్వము ఋజువు కాలేదు. వారిని నిర్దోషులుగా చూడకపోవుటవలననే వారికి దాపఱికము లేకుండ చేసిరి. కావున మన వివరములపై మనకుండు నధికారము దోషికి తెర కాదు. దోషి వలె చూడబడకుండుటకు ప్రతి మనుష్యునకును గల హక్కు అది.

మద్రాసు రాష్ట్రమున 1947లో ఈ శాసనము రద్దయ్యెను. అనంతశయనం అయ్యంగారి అధ్యక్షతను ఏర్పడిన విచారణ సంఘము 1950లో తన నివేదిక సమర్పించిన పిమ్మట, 1952 ఆగష్టు 31వ తేదీన దేశమంతటను అది తొలగినది. అయితే శాసనము పోయినను రిజిస్టరు జనుల నాలుకలపై మిగిలినది. ఒక ఊరి పేరు దొంగతనమునకు పర్యాయపదముగ చలనచిత్రములలోనికిని సామెతలలోనికిని ఎక్కినది. 1970లనుండి హేమలతా లవణం, ఆమె భర్త లవణం గారలు ఆ యూరనే పనిచేసి, పాతబాట విడువగోరిన వారికి అండగా నిలిచిరి. ఆమె మన వినుకొండలో పుట్టిన జాషువ కవి కుమార్తె. అట్టివారి శ్రమ ఎంత జరిగినను, వంద యేండ్ల క్రిందట వ్రాసిన పుట నేటికిని ఒక బాలునిచేత ఊరి పేరు మార్పించుచున్నది. సమాచారము వ్రాయుట సులభము, చెరపుట కష్టము అని చెప్పుటకు ఇంతకన్న దృష్టాంత మక్కఱలేదు.

ఇక న్యాయస్థానముల వైపు చూతము. ఉత్తరప్రదేశమున ఖడక్ సింగు అనునతడు బందిపోటు కేసులో సాక్ష్యము చాలక విడువబడెను. అయినను పోలీసులు అతని పేర చరిత్రపత్ర మొకటి తెఱచి, అర్ధరాత్రములందు తలుపు తట్టుచు, రాకపోకలు కనిపెట్టుచుండిరి. ఆతడు సుప్రీముకోర్టు నాశ్రయించెను. 1962 డిసెంబరులో ఆఱుగురు న్యాయమూర్తులు తీర్పు చెప్పిరి. రాత్రివేళ ఇంటికి పోవుట తప్పని అందఱును ఒప్పుకొనిరి గాని, వ్యక్తి యేకాంతము రాజ్యాంగమున చెప్పబడిన హక్కు కాదని అధిక సంఖ్యాకులు నిర్ణయించిరి. జస్టిసు షా గారితో గూడి విభేదించిన న్యాయమూర్తి కోకా సుబ్బారావు గారు. ఏకాంతము వ్యక్తిస్వేచ్ఛలో అంతర్భాగమనియు, వెన్నంటి చూచు కన్ను గల మనుష్యుడు నడచుచున్నను స్వేచ్ఛగా నడచుచున్నవాడు కాడనియు వారి అభిప్రాయ సారము.

సుబ్బారావు గారు రాజమహేంద్రవరమువారు. యౌవనమున కొంతకాలము బాపట్లలో జిల్లా మునసబుగా పనిచేసిరి. 1954లో ఆంధ్రరాష్ట్ర ఉన్నత న్యాయస్థానము గుంటూరునందు వెలసినప్పుడు దానికి ప్రథమ ప్రధాన న్యాయమూర్తియు వారే. హాజరుపట్టీకి పేరుమోసిన సీమయు, దానిని ప్రశ్నించు న్యాయవాక్యమును పలికిన పెద్దమనిషి నడచిన సీమయు ఒక్కటే యగుట మనము జ్ఞాపకముంచుకొనదగినది. వారి మాట ఏబదియైదేండ్లు అల్పసంఖ్యాక అభిప్రాయముగనే యుండెను. 2017 ఆగష్టు 24వ తేదీన తొమ్మండుగురు న్యాయమూర్తుల ధర్మాసనము, ఏకాంతము ప్రాథమిక హక్కేయని ఏకగ్రీవముగ ప్రకటించి, ఖడక్ సింగు తీర్పులో అందుకు విరుద్ధమైన భాగమును త్రోసివేసినది. ఆ తొమ్మండుగురిలో కృష్ణాజిల్లాకు చెందిన జాస్తి చలమేశ్వర్ గారొకరు.

ఈ నడుమ 2004లో వచ్చిన తీర్పొకటి మన రాష్ట్రమునకు సంబంధించినది. స్టాంపుల చట్టమునకు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము చేసిన సవరణవలన, కలెక్టరుచే అధికారము పొందినవారు బ్యాంకులోనికి పోయి ఖాతాదారుల పత్రములను సోదాచేయుటకు వీలు కలిగెను. సుప్రీముకోర్టు ఆ సవరణను కొట్టివేసినది. బ్యాంకునకు అప్పగించినంత మాత్రమున ఆ పత్రముల రహస్యమును ఖాతాదారుడు వదలుకొన్నట్లు కాదని నిర్ణయించినది. నా కాగితము ఇతరుని పెట్టెలో నున్నను దాని గౌరవము నాదే. అంతర్జాల యుగమునకు ఇంతకన్న పనికివచ్చు సూత్రము లేదు; నేడు మన కాగితములన్నియు ఇతరుల పెట్టెలలోనే యున్నవి గదా!

నేటి మాట చూడుడు. ఆధారు సంఖ్య 2010లో మొదలయ్యెను. పది వ్రేళ్ల ముద్రలును కనుపాపల చిత్రమును ఇచ్చి మనము దానిని పొందుచున్నాము. దానివలన బియ్యము, పింఛను సరియైన వానికి చేరుట సులభమైనదని ఒప్పుకొనవలెను. 1911 నాటి రిజిస్టరును దీనిని ఒక్కటేయని చెప్పువాడను నేను కాను. అది తెగను శిక్షించుటకు పుట్టినది, ఇది సాయము నందించుటకు పుట్టినది. కాని హర్షెల్ దొర నాటి ధర్మము దీనికిని వర్తించును. ఒక పనికొఱకు ఇచ్చిన ముద్ర మఱియొక పనికి పోవుచున్నది.

రెండు దృష్టాంతములు చాలును. స్థిరాస్తి దస్తావేజులపై వేలిముద్రలు వేయవలెనని 2001లో రిజిస్ట్రేషను చట్టమును సవరించిరి. మోసము నాపుటయే అందలి యుద్దేశము. అట్టి దస్తావేజుల నకళ్లు అంతర్జాలమున నెక్కినవి. 2018లో పెద్దపల్లి జిల్లాకు చెందిన సిమ్‌కార్డుల వ్యాపారి యొకడు తెలంగాణ రిజిస్ట్రేషను శాఖ పుటనుండి అట్టి పత్రములను దించుకొని, ముద్రలకు రబ్బరు అచ్చులు తీసి, వేలకొలది సిమ్‌కార్డులను ఇతరుల పేర చెల్లించెను. మోసమును నివారించుటకు వేసిన ముద్రయే మోసమునకు సాధనమైనది. సంకేతపదము దొంగిలింపబడినచో మార్చుకొనవచ్చును, బొటనవ్రేలిని మార్చుకొనలేము. ఆ యేటనే మన రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ అంతర్జాల పుటలో లక్షకు పైబడిన లబ్ధిదారుల ఆధారు సంఖ్యలు, బ్యాంకు ఖాతాలు, కులమతముల వివరములు ఎవరైనను చూడగలుగునట్లు బయటపడినవి. ఇల్లు కావలెనని అడిగిన పేదవాని కులమును, మతమును వెదకి తీయుటకు వీలైన పట్టీ! నేరజాతుల రిజిస్టరును ఎఱిగినవారికి ఈ వార్త చదివినప్పుడు గుండె కలుక్కుమనక మానదు.

సుప్రీముకోర్టు 2018 సెప్టెంబరులో ఆధారు చట్టమును నిలిపియుంచుచు, ప్రైవేటు సంస్థలు దానిని నిర్బంధింపరాదనియు, బడిలో చేర్చుకొనుటకు అది తప్పనిసరి కాదనియు చెప్పినది. 2023లో వ్యక్తిగత సమాచార రక్షణకు పార్లమెంటు ప్రత్యేక చట్టము చేసినది. 2025 నవంబరులో నియమములు వెలువడినవి, వాని ముఖ్యభాగములు దశలవారీగ అమలునకు వచ్చునవి. ఏ పనికొఱకు అడిగిరో చెప్పి సమ్మతి తీసికొనవలెను, పని తీఱిన పిదప చెరపవలెను, పదునెనిమిదేండ్లు నిండని పిల్లల విషయమున తల్లిదండ్రుల సమ్మతి పొందవలెను అని అందున్నది. ఇది మంచి మాట. కాని తాను కోరిన ప్రభుత్వ సంస్థలకు ఈ విధులనుండి మినహాయింపు నిచ్చు నధికారమును కేంద్రప్రభుత్వము అట్టే యుంచుకొన్నది. పుస్తకము వ్రాయువాడు అందు వ్రాయబడినవానికి జవాబు చెప్పనక్కఱ లేకపోవుటయే 1911 నాటి శాసనము యొక్క అసలు దోషము. ఆ దోషము పూర్తిగ పోయినదని నేను చెప్పజాలను.

శాసనములు వచ్చులోపల ఇంటివారు చేయదగినవియు కలవు. ఆధారు నకలు ఇయ్యవలసివచ్చినప్పుడు చివరి నాలుగంకెలు మాత్రము కనబడు మఱుగు నకలును ఇయ్యవచ్చును. పూర్తి సంఖ్యకు బదులు పదాఱంకెల మాఱు సంఖ్యయు 2018నుండి లభించుచున్నది. వేలిముద్రలకు తాళము వేసి, అవసరమైనప్పుడే తెఱచు సౌకర్యమును ఆధారు సంస్థ యిచ్చుచున్నది. పింఛనుకొఱకు ముద్ర వేయు పెద్దలున్న యిండ్లలో ఆ తాళమును తీయుట యెట్లో చదువుకొన్న పిల్లలే చూచిపెట్టవలెను. జెరాక్సు కాగితముపై ఏ పనికొఱకిచ్చితిమో, ఏ తేదీన నిచ్చితిమో వ్రాయుట మంచిది. దీపపు యాప్ పరిచయస్థుల పట్టికను అడిగినచో, దీపమునకు చుట్టములతో పనియేమని ప్రశ్నించుకొనవలెను. ఓటీపీ అనునది ఇంటి తాళపుచెవి. బ్యాంకువారైనను దానిని అడుగరు. మోసపోయినచో సిగ్గుపడి దాచక, వెంటనే 1930 సంఖ్యకు తెలుపవలెను.

అయితే ఇతరులు మనకు చేయు అపకారమునే చెప్పి మనము ఇతరులకు చేయునది విడుచుట న్యాయము కాదు. నేను ఉపాధ్యాయుడను, అనగా నేనును రిజిస్టరు వ్రాయువాడనే. రెండేండ్ల క్రిందట నా తరగతి పిల్లల పేర్లు, ఆధారు సంఖ్యలు, కులములు, తల్లిదండ్రుల ఫోను సంఖ్యలు గల పట్టికను, తప్పులున్న దిద్దుకొందురను తలంపుతో వాట్సాపు బృందములో పెట్టితిని. అది ఎందఱి ఫోనులకు పోయినదో, ఎన్ని నెట్టు దుకాణములలో నిలిచియున్నదో నాకు తెలియదు. ఒక తల్లి వచ్చి, "మా పిల్ల నంబరు అందరికీ తెలిసిపోయిందండీ, ఎవరెవరో ఫోన్లు చేస్తున్నారు" అని కన్నీరు పెట్టుకొన్నప్పుడుగాని నా తప్పు నాకు తెలియలేదు. దురుద్దేశము లేదను మాట ఆ తల్లికి ఏమి యోదార్పు? సెటిల్‌మెంటు నడపినవారిలో పెక్కురకును దురుద్దేశము లేదు.

బాలుని మాటకు వత్తము. చిరునామా సత్యముగనే వ్రాయవలెను గనుక రిజిస్టరులో స్టువర్టుపురమనియే వ్రాసితిని. ఆ సంగతి వానికి చెప్పితిని. కాని ఒకే పేరు గలవారు ఇద్దఱుండుటచేత ఊరి పేరుతో గూడ హాజరు పిలుచు అలవాటు నాకుండెడిది, దానిని మానితిని. పట్టికలు ఇప్పుడు బీరువాలో నున్నవి, ఫోనులో లేవు. ప్రతి ఉదయమును వాని పేరొక్కటే పిలుచుచున్నాను. వాడు లేచి గట్టిగా పలుకుచున్నాడు.